అద్దాల బీరువా

నలభయ్యో కొట్టు తెరిచే రోజు పంచబోయే మా కంపెనీ చరిత్రను అబ్బాయి చదివి వినిపిస్తున్నాడు.

"మన మొదటి కొట్టులో సేల్స్ గర్ల్ వింత వస్తువుల బీరువాకు తాళం వేయడం మరిచింది. నాన్నగారు మధ్యాహ్నమే ఆమెను తీసేశారు. కానీ జనం ఆ వస్తువులను చేత్తో పట్టుకుని, ఆడించి చూశారు. సాయంత్రానికి అన్నీ అమ్ముడుపోయాయి. ఆనాటి నుంచి మన కొట్లలో దేనికీ తాళం లేదు. ఎలా ఉందమ్మా?"

"తాళం మరిచింది నేనురా. దుమ్ము దులిపి అలాగే వదిలేశాను."

వాడు నవ్వాడు. "పోనీలే, ఎవరికి తెలుసు?"

"ఆ అమ్మాయికి తెలుసు. మీ నాన్న కేకలేస్తుంటే నా వైపే చూసింది. నేను బొమ్మలు సర్దుతూ ఉండిపోయాను."

"మరి తనూ చెప్పలేదా?"

"లేదు. వెళ్లేటప్పుడు తాళంచెవి మాత్రం ఆయనకి ఇవ్వలేదు. తెచ్చి నా చేతిలో పెట్టింది."