కరిగిన నెయ్యి

నెయ్యి డబ్బాలో ఎలుక చచ్చి తేలుతోంది. మూత తీసిన బేకరీ యజమాని భార్య ముక్కు మూసుకుంది.

భర్త వచ్చి తొంగిచూశాడు. తోక పట్టుకుని ఎలుకను పైకి లాగి, దాని ఒంటినుంచి కారే నెయ్యిని కూడా డబ్బాలోకే విదిలించాడు. అంత పొదుపరి మరి.

“పారబోస్తాను,” అంది భార్య.

“నిండు డబ్బా పారబోయడానికి నీకు చేతులెలా వస్తాయి? గడ్డకట్టిన నెయ్యిలో పడితే ఎలుకనూ, చుట్టూ ఉన్నదీ తీసేసి వాడుకోవచ్చు. మన మతంలోనే ఉంది.”

“ఇది కరిగిన నెయ్యి కదండీ. కరిగినదైతే దాని జోలికే పోవద్దని కూడా ఉంది.”

“అయితే ఫ్రిజ్‌లో పెట్టు. గడ్డకట్టాక గీకేద్దాం.”

దేవుడికే టోకరా వేసే ఉపాయమిది. ఆమెకు ఎలుకను చూసినప్పటికన్నా మొగుణ్ణి చూస్తేనే ఎక్కువ రోత పుట్టింది. సాయంత్రం పాఠానికొచ్చే పిల్లలకు ఆ నెయ్యితోనే బిస్కెట్లు చెయ్యమని చెప్పి, శుభ్రంగా చేతులు కడుక్కుని, ఆయన నమాజుకు వెళ్లిపోయాడు. ఆమె డబ్బా ఎత్తుకుంది.

సాయంత్రం వీధిలోని పిల్లలంతా బేకరీ వెనక గదిలో చాప మీద చేరారు. చివర్న ఆయన కూతురు కూడా కూర్చుంది. ఆయన గొంతు సవరించుకుని విశ్వాసాలు వల్లె వేయించాడు. దేవుడొక్కడే. ఆయన దూతలు, గ్రంథాలు, ప్రవక్తలు, తీర్పుదినం, విధిరాత.

“మనకు రెండు పక్కలా ఇద్దరు దూతలుండి, మనం చేసేదంతా రాస్తుంటారు. దేవుడి కళ్లు ఎవరూ కప్పలేరు.”

ఆ మాటంటూ ఆయన భక్తిగా కళ్లు మూసుకున్నాడు కూడా. పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భార్యకు ఛీ అనిపించింది.

బిస్కెట్లు కమ్మటి వాసన వేస్తున్నాయి. పళ్లెం అందుకుని ఆయనే ఒక్కొక్కరి తల నిమురుతూ చేతిలో రెండేసి పెట్టాడు. మీరూ తినండని ఒకమ్మాయి అంటే పంటినొప్పి అన్నాడు. పిల్లలు కరకరా నములుతున్నారు. ఆఖరున కూతురు చెయ్యి చాపింది. ఆయన గబుక్కున పళ్లెం వెనక్కి లాక్కున్నాడు.

“నీకొద్దమ్మా. దగ్గొస్తుంది.”

“నాకు దగ్గెక్కడుంది నాన్నా?”

ఆయన పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టాడు. భార్య వచ్చి, అడ్డం పెట్టిన ఆయన చేతిని పక్కకు నెట్టి, ఒక బిస్కెట్టు తీసి కూతురి నోట్లో పెట్టింది.

“తిను తల్లీ, కొత్త నెయ్యితోనే చేశాను. ఆ డబ్బా పొద్దున్నే పారబోశాను. మీ నాన్నకే చెప్పలేదు.”