ఎద్దు తల

డాక్టర్ ఆనందరాజ్ పెట్టె మూత తీశాడు. విలేకరులంతా ముందుకు వంగారు. లోపల దూది మీద బొటనవేలంత రాతి మొన ఉంది.

"లక్ష ఏళ్ల నాటి బాణం ములికి," అన్నాడు. "దీని అడుగున గీసిన గుర్తు చూడండి. గుండ్రటి ముఖం. పైన రెండు కొమ్ములు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఎద్దు తల! మనిషి గీసిన మొట్టమొదటి బొమ్మ మన తిరుత్తణి పక్కన దొరికింది."

ల్యాబు పరీక్ష అయిందా అని ఎవరో అడిగారు.

"ముప్పై ఏళ్లుగా రాళ్లు చూస్తున్నాను. నా కన్నే ల్యాబు."

ఆయన మందులిచ్చే డాక్టరు కాదు, రాళ్ల డాక్టరు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అది పైకి చెప్పుకోవడం నామోషీ. ఆరు పాత లిపులు చదవగలనని మాత్రం విజిటింగ్ కార్డు మీదే వేయించుకున్నాడు.

రాయి దొరికింది రవణమ్మ శనక్కాయ చేలో. అంటే ఇక ఆ చేను ఆమెది కాదు. చుట్టూ కంచె వేస్తారు. దున్నకూడదు, విత్తకూడదు. ఆమెకున్నది ఆ అర ఎకరమే.

రవణమ్మకి ఇంకో పనీ వచ్చు. ఏటి గుండ్లు ఏరుకొచ్చి, చేని గట్టున కూచుని, ఒకదాంతో ఒకటి కొట్టి, పాతకాలపు మొనలకు నకళ్లు చేస్తుంది. బడిపిల్లలు కొనుక్కుంటారు. ఆ నకళ్ల పేరెత్తితే డాక్టరుకి ఒళ్లు మంట.

"అయ్యా, ఆ రాయి ఒక తూరి చూస్తా," అంది విలేకరుల వెనక నిలబడ్డ రవణమ్మ.

"దూరం, దూరం! ఇదేమన్నా నువ్వు కొట్టే బొమ్మరాయి అనుకున్నావా?"

"నావీ బాగుంటాయయ్యా. పోయినేడు మీకొకటి తెచ్చిచ్చినా. తిప్పి గూడా చూడకుండా చేలోకి ఇసిరేసినారు."

"లేకపోతే నెత్తిన పెట్టుకోమంటావా? రాయి కొట్టడానికి చెయ్యి చాలమ్మా. గుర్తు గీయడానికి బుర్ర కావాలి."

విలేకరులు నవ్వారు. మధ్యాహ్నం బిర్యానీ పెట్టించేది డాక్టరే మరి.

"చేను పోతే నేను యాడికి పోవాలయ్యా?"

"చరిత్ర కోసం ఆమాత్రం త్యాగం చేయలేవా?" అన్నాడు, తిరువళ్లూరులో ఒకటి, చెన్నైలో ఒకటి ఇళ్లున్న మహానుభావుడు.

గ్రామాధికారి కన్నన్ సమ్మతి కాగితం బల్ల మీద పరిచాడు. "పెట్టేయక్కా," అన్నాడు నేల చూపులు చూస్తూ. "నువ్వు పెట్టకపోయినా కంచె ఆగదు."

రవణమ్మ కళ్లు తుడుచుకుంది.

డాక్టరు స్టాంపు ప్యాడు ఆమె ముందుకు నెట్టాడు. "కైనాట్టే కదా? బొటనవేలు ఇటు పట్టు."

"మూడో క్లాసు దాకా తెలుగు బళ్లో చదివినానయ్యా," అంది ఆమె. "నా పేరు నేనే రాస్తా."

"ఏదీ, రాయి చూద్దాం," అని డాక్టరు వేళాకోళంగా తన పెన్నే ఇచ్చి, వంగి మరీ చూశాడు.

రవణమ్మ తన పేరులోని మొదటి అక్షరం నిదానంగా దిద్దింది: గుండ్రటి ముఖం, పైన రెండు కొమ్ములు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు.