ఎర్రగీత

"నలభై సంఖ్య కాకపోతే మరేమిటి సార్?" అని అడిగింది టీచరమ్మ. తరగతంతా గొల్లున నవ్వింది.

కంప్యూటర్ తెర మీద ఆమె రాసిన వరస కింద ఎర్రగీత పడి ఉంది. పాతికేళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషికి నలభై సంఖ్య కాదని ఓ యంత్రం చెప్పడం, అదీ మనవల ఈడు పిల్లల ముందు. ఆమె చెవులు వేడెక్కాయి.

మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆమె వైపు చూడకుండా, తెరనే చూస్తూ వివరించాడు. పేజీలోని గడిలో ఎవరేం కొట్టినా ముందు అక్షరాలుగానే వస్తుందట. దాన్ని సంఖ్యగా మార్చి ఇస్తే తప్ప, వాళ్లు నేర్చుకుంటున్న టైప్‌స్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష ఒప్పుకోదట. మార్చకుండా నలభైకి రెండు కలిపితే నాలుగువందల రెండు వస్తుందని చేసి చూపించాడు. ఆ గీత తిట్టడానికి కాదు మేడం, ముందే చెప్పడానికి అన్నాడు.

పనిచేసిన బడి మూతపడ్డాక ఆమెకు ఇంట్లో కాలు నిలవలేదు. పిల్లలు లెక్కలు సాధన చేసుకునే వెబ్‌సైటు తనే తయారు చేద్దామనుకుంది. ఈ వయసులో నీకెందుకక్కా ఈ తంటా అని చెల్లెలు వారించినా వినకుండా సాయంత్రం కంప్యూటర్ తరగతుల్లో చేరింది. చేరిన రోజే మాస్టారు దగ్గరికొచ్చి, తను ఏడో తరగతి ఆమె దగ్గరే చదివానని చెప్పాడు. ఆమె సంబరపడి, ఎక్కడ కూర్చునేవాడివని అడిగింది.

"చివరి బెంచీలో, కిటికీ పక్కన," అన్నాడతను తల దించుకుని.

ఆ బెంచీ ఆమెకు బాగా గుర్తు.

ఇరవై రెండేళ్ల కిందట ఆ బెంచీలోని ఇద్దరు పిల్లల పుస్తకాల్లో ఒకే లెక్క అక్షరం పొల్లు పోకుండా ఒకేలా కనిపించింది. అది ఆమె నేర్పిన పద్ధతి కాదు. వాళ్లిద్దరిలో ఎప్పుడూ మార్కులు తక్కువ తెచ్చుకునేవాణ్ణి లేపి నిలబెట్టింది. వాడు కాదు టీచర్ అంటున్నా వినకుండా, చూసి రాసే బతుకు బతకకు అని, పుస్తకం అందరి ముందూ చింపేసింది. మర్నాటి నుంచి వాడు బడికి రాలేదు. నెల తిరక్కముందే బల్ల సొరుగులో వాడి చిత్తుకాగితాలు దొరికాయి. అదే పద్ధతిలో, కొట్టివేతలతో, పది లెక్కలు. ఆ పద్ధతి వాడు సొంతంగా కనిపెట్టుకున్నదే. వాళ్లింటికి వెళ్లి చెప్పాలని రెండుసార్లు బయల్దేరింది కానీ, మొహం చెల్లక వీధి మలుపు నుంచే వెనక్కి వచ్చేసింది. వాడి పేరూ, రూపమూ కూడా ఇప్పుడు సరిగా గుర్తు లేవు. దించుకున్న ఆ తల ఒక్కటే గుర్తు.

ఇప్పుడు ఆ తల రోజూ ఆమె ఎదుట నిలబడి పాఠం చెబుతోంది. ఒక్కసారీ ఆమె కళ్లలోకి చూడదు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. విసుక్కున్నా బాగుండేదని ఆమెకు అనిపించేది. రెండుసార్లు మానేద్దామనుకుంది. మానేస్తే మళ్లీ అదే వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చేసినట్టవుతుందని మానలేదు.

మూడో వారం ఒక పని ఇచ్చాడు. విద్యార్థి పేరు, వయసు, మార్కులు ఏవి అక్షరాలో, ఏవి సంఖ్యలో ముందే ప్రకటించి, జాబితా చూపించే పేజీ తయారు చెయ్యాలి. ఆమె తెర నిండా ఎర్రగీతలే. పక్కసీట్లో కళ్లజోళ్ల షాపులో పనిచేసే అమ్మాయి చెవిలో ఓ చిట్కా చెప్పింది, అన్నిచోట్లా 'ఎనీ' అని కొట్టెయ్యమంది. కొట్టింది. గీతలన్నీ మాయమయ్యాయి.

మాస్టారు వచ్చి చూశాడు. "ఏదైనా సరే అని రాసేస్తే గీత పోతుంది మేడం. తప్పు పోదు," అని మెల్లగా చెప్పి ముందుకు వెళ్లాడు.

మర్నాడు ఆమె 'ఎనీ'లన్నీ చెరిపి మళ్లీ మొదలుపెట్టింది. గంట గడిచినా కుదరలేదు. చుట్టూ పిల్లలు ముగించి కబుర్లాడుకుంటున్నారు. ఆమె మెడ కొద్దిగా పక్కకు తిరిగింది. కళ్లజోళ్ల అమ్మాయి తెర మీది వరసలు ఒక్కొక్కటే తన తెర మీదికి వచ్చాయి. ఆ పిల్ల 'మార్క్స్'కి రాసిన తప్పు స్పెల్లింగుతో సహా.

తల తిప్పేసరికి వెనక మాస్టారు.

అతను ఆ తెరనూ ఈ తెరనూ చూశాడు. మొహం పాలిపోయింది. బయటికి వెళ్లిపోయి, చాలాసేపటి దాకా లోపలికి రాలేదు. ఆమెకు నేల చీలితే బాగుండుననిపించింది.

తరగతి అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగింది. అతను బోర్డు తుడుస్తున్నాడు. ఆమె చేతిసంచి రెండు చేతులతో పట్టుకుని, బల్ల అంచున నిలబడింది.

"చూసి రాసే బతుకు బతకొద్దని అన్నదాన్ని. ఇవాళ నేనే చూసి రాశాను. నువ్వు కళ్లారా చూశావు," అంది.

అతను తుడవడం ఆపాడు. వెనక్కి తిరగలేదు.

"ఆ లెక్క నువ్వు సొంతంగా చేసిందేనని నాకు తర్వాత తెలిసింది బాబూ. తెలిసీ మీ ఇంటి గడప తొక్కలేదు. ఇంత టీచర్ని, ఓ పిల్లాడి ముందు తప్పయిందని ఎలా అనాలా అని ఆగిపోయాను. ఇన్నేళ్లూ ఆగిపోయాను. నువ్వేమో అన్నీ మనసులో పెట్టుకునే నాకింత ఓపిగ్గా నేర్పుతున్నావు. ఎంత మాటన్నా పడతాను. నాతో ఒక్క మాట అను."

బోర్డు తుడిచే గుడ్డ అతని చేతిలోంచి జారి కింద పడింది. తీసుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇన్ని వారాల్లో మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు.

"వాడి పుస్తకంలో చూసి రాసింది నేనే టీచర్," అన్నాడు.