మెట్ల మీద సమ్మె

"జరుగు పెద్దమ్మా, తాళం తియ్యాలి," అంది లైబ్రరీ అక్క.

"జరగం," అంది గుండీలు కుట్టే పెద్దమ్మ, మెట్టు మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ. ఆమె వెనక బట్టల ఫ్యాక్టరీ వాళ్ళంతా తలుపుకి అడ్డంగా వరసలు కట్టారు. అందరి చేతుల్లోనూ అట్టలు. రాసిన వైపు గుండెలకి ఆనించుకున్నారు.

అక్కకి కాళ్ళు లాగేస్తున్నాయి. బస్సులో కునుకు పట్టి, దిగాల్సిన చోటు దాటిపోయి, అంత దూరమూ వెనక్కి నడిచొచ్చింది. కొత్త మొగుడేమో పొద్దున్నే క్షవరానికని జారుకున్నాడు. జుట్టు చెవుల మీద పడుతోందని వారం నుంచీ పోరుతున్నది తనే కాబట్టి ఏమీ అనలేకపోయింది. ఒక్కతే నిలబడి టీ గొంతులో పోసుకుని బయల్దేరింది. ఇప్పుడు పెద్దవాళ్ళకి అక్షరాలు, మధ్యాహ్నం బొమ్మల క్లాసు, సాయంత్రం నాటకం రిహార్సలు.

ఇదంతా ఏమిటని అడిగింది. సమ్మె అన్నారు.

యజమానిని ఎలా అడగాలో, అందరూ ఒక్క మాట మీద ఎలా నిలబడాలో ఈ లైబ్రరీ గదిలోనే వాళ్ళకి నేర్పింది తనే. ఇప్పుడు తొందరపడితే వాళ్ళ ఉద్యోగాలూ పోతాయి, గది అద్దెకిచ్చిన ఇల్లుగలాయన చెవిన పడితే లైబ్రరీ కూడా పోతుంది.

"ఏం కావాలి మీకు?"

"వారానికో రోజు సెలవు."

"అది పోయిన నెలేగా సాధించుకున్నారు. మళ్ళీ ఇవ్వనన్నాడా?"

"ఇచ్చాడు. అందుకేగా పొద్దున్నే ఇక్కడున్నాం."

అక్క నీరసంగా గోడకి ఆనుకుంది. "అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే ఎలా పెద్దమ్మా?"

"దుత్త జోలికి పోలేదమ్మాయ్. అత్త మీదే."

కటింగ్ మాస్టరు గొంతు సవరించుకున్నాడు. ముందు నోటితో అడగమన్నారు, అడిగాం. మళ్ళీ మళ్ళీ అడగమన్నారు, అడిగాం. నవ్వి ఊరుకుంటే ఇంకేం చెయ్యాలో కూడా మీరే చెప్పారు కదక్కా అన్నాడు.

"నవ్వి ఊరుకున్నదెవరు?"

పెద్దమ్మ చెయ్యి ఎత్తగానే అట్టలన్నీ ఇటు తిరిగాయి. అన్నిటి మీదా ఒకటే కోరిక, ఆమె దిద్దించిన అక్షరాలతోనే. ఎప్పటిలాగే క్రావడి ఎగిరిపోయింది: "లైబరీ అక్క ఆదివారం సెలవు తీసుకోవాలి."

అక్క చాలాసేపు చదువుకుంది. తాళంచెవి పట్టుకున్న చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

"ఎవరు దీనికి నాయకుడు?" అంది చివరికి, అచ్చం ఫ్యాక్టరీ ఓనరులాగే.

ఎవరూ నోరు విప్పలేదు. నాయకుడి పేరు చెప్పకూడదని నేర్పింది కూడా తనే. కానీ వెనక వరసలో, అట్ట చాటున మొహం దాచుకున్న మనిషికి, జుట్టు ఇంకా చెవుల మీదే ఉంది.