చిన్న పుండు

"మీది చిన్న పుండు, అంతే. బిళ్ళలు వేసుకుంటే మానిపోతుంది," అన్నాడు డాక్టరు. "నేను పిలిపించింది మీ ఆవిడ ఫిల్ము గురించి."

లేవబోయిన యసుకిచి మళ్ళీ కూర్చున్నాడు. వెలుగుతున్న దీపపు పెట్టెకు తగిలించిన నల్లటి ఫిల్ములో మిత్సు పొట్ట తెల్లగా కనిపిస్తోంది. ఒక పక్క అంచు ఎలుక కొరికినట్టుంది.

"క్యాన్సరు. కోసినా లాభం లేదు. ఏడాది తిరగడం కష్టం."

"మరి ఆవిడకి ఏమని చెప్పను?"

"చెప్పనే వద్దు. ఇంట్లోవాళ్ళకి చెబుతాం గాని రోగికి చెబుతామా ఎక్కడన్నా? ఉన్న ధైర్యం కాస్తా జారిపోతుంది. చిన్న పుండనండి. మేమూ ఆ మాట మీదే ఉంటాం."

డాక్టరు కళ్ళద్దాలు తుడిచినవే తుడుస్తున్నాడు. యసుకిచి వంగి దణ్ణం పెట్టి బయటపడ్డాడు.

దారి పొడుగునా ఆ తెల్ల బస్సే కళ్ళముందు మెదిలింది. కడుపు ఫోటోలు తీసే బస్సు ఏటా బడి మైదానానికి వస్తుంది. వచ్చినప్పుడల్లా మిత్సు వెళ్తాననేది. పరగడుపున వెళ్ళి వరసలో నిలబడాలి. "నువ్వక్కడ నిలబడితే నాకు పొద్దున్నే అన్నం ఎవరు వండుతారు? తాతామీ చాపలు ఆకలితో అల్లమంటావా?" అనేవాడు. ఆవిడ ఆగిపోయేది. కడుపులో మంటగా ఉందని మూలిగినా ఏదో ఒకటి అనేవాడు. మొగుడన్నవాడికి పెళ్ళాం కడుపునొప్పి ఎప్పుడు కనపడింది కనక!

ఈసారి పేట పెద్దగారి భార్య వచ్చి పోట్లాడితే ఇద్దరూ వెళ్ళారు. సుద్దనీళ్ళలాంటి మందు తాగించి, బల్ల మీద పడుకోబెట్టి అటూ ఇటూ దొర్లించారు. "తేన్చకండి, ఫోటో చెడుతుంది!" అని మైకులో అరుస్తుండగానే యసుకిచి గట్టిగా తేన్చాడు. "తాతగారూ, మళ్ళీ మొదటికొచ్చింది!" అన్నాడు ఫోటోలు తీసేవాడు. బయట వరసలో మిత్సు పడీపడీ నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చి యసుకిచి దారి పక్కన ఆగిపోయాడు.

పైగా నిన్న ఒకటి జరిగింది. దారం కొనుక్కొస్తానని వెళ్ళిన మిత్సు పొద్దుపోయి వచ్చింది. చేతిలో ఖరీదైన ట్యూనా చేప. "ఏం పెళ్ళని?" అని కసిరి, పెద్ద ముక్కలన్నీ తనే తిన్నాడు.

ఇంటికి రాగానే మిత్సు ఎదురొచ్చింది.

"ఏమన్నారండీ?"

"ఇద్దరికీ చిన్న పుండేనట. ఆ మాట చెప్పడానికే పిలిచాడు."

"అంతేనా? చెప్పలా, మీది గట్టి ప్రాణమని," అంటూ ఆవిడ పొయ్యివైపు తిరిగింది.

"మిత్సూ, వేడినీటి బుగ్గలకి పోదామా?"

పెళ్ళైన నాటి నుంచీ ఆవిడ అడుగుతున్నదే. ఈ పని అవనీ, ఆ పని అవనీ అంటూ ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు.

"సత్రంవాళ్ళ చాపలు సగంలో ఉన్నాయిగా?"

"ఉండనీ."

"అయితే రేపే పోదామండీ," అంది ఆవిడ వెంటనే.

పిచ్చిది, ఎంత ఆశపడిందో! ఆపినవాణ్ణి నేనే కదా అనుకుని కుమిలిపోయాడు.

బుగ్గల ఊళ్ళో భోజనాల ముందు కూర్చున్నారు. యసుకిచి మంచి చేపముక్కలన్నీ ఏరి ఆవిడ పళ్ళెంలోకి జరిపాడు. ఆవిడ అవే తిరిగి ఇతని పళ్ళెంలో పెట్టింది.

"నువ్వు తిను."

"మీరు తినండి. నాకంత ఆకలి లేదు."

ఆకలెందుకుంటుందని అతని గుండె చెరువైంది. ఏనాడూ ఒక్క బుడ్డికి మించి సాకే సారా పొయ్యనివ్వని మనిషి, ఇవాళ గిన్నె అంచుదాకా పోసింది.

"తాగండి. ఇవాళ అడ్డం చెప్పను."

"ఏమిటే, ఇంత దయ?"

"ఇన్నాళ్ళూ తాగుడు దగ్గర మిమ్మల్ని సతాయించాను. మనసులో పెట్టుకోకండి."

యసుకిచి మొహం పక్కకి తిప్పుకున్నాడు. తన తప్పులన్నీ ఏకరువు పెట్టి క్షమించమందామనుకున్నాడు. అంటే ఆవిడకి అనుమానం వస్తుంది. మింగేశాడు.

"ఏడుస్తున్నారా?"

"ఆవిరి. బుగ్గల ఆవిరి కళ్ళల్లో పడింది."

"నాకూ పడిందండీ," అని మిత్సు కొంగులా వేలాడే కిమోనో చేతి అంచుతో కళ్ళొత్తుకుంది.

పాపం, ఏమీ తెలీదు, ఒక్క మాటా బయటపడకుండా నెగ్గుకొచ్చాను అని యసుకిచి ఊపిరి పీల్చుకున్నాడు.

అతన్ని పిలవడానికి ఒకరోజు ముందు, డాక్టరు మిత్సును పిలిచి, "మీది చిన్న పుండు, అంతే," అని, మొగుడి ఫిల్ము చూపించాడు.