వెనక చూపించని ఆట

"ఆపేయే ఆ దరిద్రపు ఆట!" అని అరిచింది చెన్నమ్మ.

టీవీలో ఒకడు కత్తి దూసి కొండంత రాక్షసుడి ముందు నిలబడి ఉన్నాడు. వాడి నెత్తి మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఏదో పేరు. అదేమిటని అడిగేదాకా చెన్నమ్మ బాగానే ఉంది.

"తాత పేరవ్వా. ఈ జపానోళ్ల ఆటలో వీరునికి మనమే పేరు పెట్టుకోవచ్చు" అంది మనవరాలు పద్మప్రియ, చేతిలోని మీటలు నొక్కుతూనే.

ఆ తాత రామకోటయ్య కర్నూలు ఆసుపత్రిలో ఉన్నాడు. గుండెకు స్టెంటు వేయాలని పొద్దున్నే లోపలికి తీసుకుపోయారు. బయటికి తేగానే ఫోన్ చేస్తానన్నాడు కొడుకు ప్రదీప్‌కుమార్. మధ్యాహ్నం దాటిపోయింది. కమలాపురంలో ఇంటి ఫోన్ మోగలేదు.

"ఆయన పేరు పెట్టి తన్నులు తినిపిస్తాండావా? ఆపు!"

"ఏ ఆయన? పేరు చెప్పు, ఆపుతా."

పెళ్లయిన నాటి నుంచి భర్త పేరు చెన్నమ్మ నోట రాలేదు. ఓటరు కార్డు వాళ్లు వచ్చి అడిగినా పక్కింటి గిడ్డమ్మ చేత చెప్పించింది.

పద్మప్రియ నవ్వింది. "ఇప్పుడు ఆపితే తాత పోతాడవ్వా. ఈ రాక్షసున్ని చంపినాక నీలం రాయి వస్తాది. ఆడ తప్ప ఇంక యాడా సేవ్ కాదు. ఈలోపల కరెంటు పోయినా అంతే, తాత ల్యాడు."

చెన్నమ్మ గడియారం చూసింది. కరెంటు తీసే వేళయింది. మంచం అంచున కూర్చుంది.

"నడిమధ్యలో ఆపను కూడా రానిది, ఏం ఆటే అది?"

"శానా మంచి ఆట. కత్తి తగిల్తే చేతిలో మీట అదురుతాది, పట్టుకో సూడు. తోడొచ్చే ఈ పిల్ల అడక్కుండానే తాతకు మందేస్తాది. ఒకటే లోపం. గోడ పక్కకు పోతే బొమ్మ తిరగదు. ఎనక ఎవరొస్తాండారో కనబడదు."

మాట పూర్తి కాకముందే మందు వేసే పిల్ల దెబ్బ తిని పడిపోయింది. రామకోటయ్య ప్రాణం చూపే ఎర్రగీత చిటికెన వేలంత మిగిలింది.

ఫోన్ మోగింది.

చెన్నమ్మ రెండు చేతులతో రిసీవర్ పట్టుకుంది. "అమ్మా, నాయన..." అన్న కొడుకు గొంతు గరగరలో మునిగిపోయింది.

"నాయనకేమైందిరా? చెప్పరా!"

గరగర ఇంకా పెరిగింది. రిసీవర్ చెవికి అదుముకుని ఆమె టీవీ వైపు తిరిగింది. వీరుడు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. గోడ మీద, వాడి నీడ పక్కన, గొడ్డలి ఎత్తిన ఇంకో నీడ లేస్తోంది. పద్మప్రియ ముందున్న రాక్షసుణ్ణే చూస్తోంది.

"రామకోటయ్యా! ఎనక్కి తిరగరా! నిన్ను చంపను వస్తాండాడు, తిరుగు!"

పద్మప్రియ ఉలిక్కిపడి మీట తిప్పింది. కత్తి విసురుకు గొడ్డలివాడు కూలాడు. మరో వేటుకు ముందున్న రాక్షసుడూ కూలాడు. నీలం రాయి వెలిగింది. ఆట సేవ్ అయిన మరుక్షణం కరెంటు పోయింది.

"అవ్వా... తాత పేరు..."

చెన్నమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. చెవి దగ్గర గరగర ఆగింది. నీరసంగా, మెల్లగా ఒక గొంతు పలికింది.

"తిరిగి చూసినాలేవే చెన్నీ. సూది పట్టుకోని నర్సమ్మ వస్తాండాది, అంతే."