పెడల్ కింద

“యాక్సిలరేటర్ తొక్కినా ఒక్కోసారి కారు కదలదురా. కాసేపటికి దానంతటదే దూకుతుంది” అన్నాడు బావ.

బావమరిదే మెకానిక్. కారుకు స్కానరు తగిలించాడు. యాక్సిలరేటర్ సెన్సరులో లోపమంటూ ఒక కోడు కనిపించింది. చెరిపేసి, ఇంజను ఆన్ చేసి తొక్కి చూశాడు. మళ్లీ రాలేదు.

దొంగ దొరకలేదు గనక దొంగతనమే జరగలేదన్నట్టు స్కానరు మూసేశాడు.

“కారుకేం రోగం లేదు. నీ కాలే బద్ధకించింది బావా.”

బావ నవ్వాడు. సెకండ్‌హ్యాండుదే అయినా ఆ నల్లకారంటే ఆయనకు ప్రాణం.

అంతలో షెడ్డు గేటు దగ్గర నిలబడ్డ ఒక ముసలామె లోపలికొచ్చింది. ఎవరో తెలీదు. కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి, వెనక సీటు మీది నీలం దారపు కుట్టును తడిమింది.

“నాయనా, నిలబెట్టి చూస్తే దొరకదు. గతుకుల్లో తోలి చూడు. పెడల్ కింద వైరు కదిపి చూడు.”

“మామ్మా, నీకు లైసెన్సుందా?”

బావ పగలబడి నవ్వాడు.

“మా అబ్బాయి చెప్పేవాడు...”

“అయితే మీ అబ్బాయినే పంపు. ఆయన దగ్గరే పని నేర్చుకుంటాను.”

“వాడు రాలేడు.”

ఎందుకని మెకానిక్ అడగలేదు.

ఆమె బావ చెయ్యి పట్టుకుంది. “నువ్వైనా ఆగు బాబూ.”

“మా బావమరిది చెయ్యి పడ్డాక ఇక తిరుగులేదమ్మా” అంటూ ఆయన మెల్లగా విడిపించుకున్నాడు.

ఆమె వెళ్లి గేటుకు అడ్డంగా నిలబడింది. మెకానికే రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. కారు వెళ్లిపోయింది.

ఆ వారంలోనే, లారీని దాటబోతుంటే నడిరోడ్డు మీద కారు చచ్చుబడింది. ఎదురుగా బస్సు.

అక్క ఏడవలేదు. ఒక్క మాటే అడిగింది.

“నువ్వు చూశానన్నావు కదరా?”

నుజ్జయిన కారు షెడ్డుకొచ్చింది. తలుపు మీద నలుపు పెచ్చులూడి, కింద పాత తెలుపు కనిపిస్తోంది.

మెకానిక్ బోర్లా పడుకుని పెడల్ కిందికి తల దూర్చాడు.

ఒరుసుకుపోయిన సెన్సరు వైరుకు ఆకుపచ్చ టేపు చుట్టి ఉంది. మళ్లీ విప్పడానికి వీలుగా కొసను మడిచి ఉంది. అలా మడిచేది తనొక్కడే.

ఒకప్పుడు ఇదే లోపంతో వచ్చిన తెల్లకారు కుర్రాడు గుర్తొచ్చాడు. ‘ప్రస్తుతానికి టేపుతో నడుపు, కొత్త వైరు తెప్పిస్తాను’ అని పంపేశాడు తను. కుర్రాడు మళ్లీ రాకపోతే, వేరే షెడ్డుకు పోయుంటాడని తిట్టుకున్నాడు.

“చూడన్నా, సీటు చిరిగితే మా అమ్మ నీలం దారంతో ఎలా కుట్టిందో!” అని ఆ రోజు నవ్విన ఆ కుర్రాడు ఎందుకు రాలేదో మెకానిక్‌కు ఇప్పుడు తెలిసింది.